నిలబడే పని

"ఒక్కొక్కరికీ ఒక తలాంతు ఇచ్చాడు దేవుడు,
మీదేదో కనుక్కోండి" అన్నారు
ఆ ఆదివారం యోవేలు అయ్యగారు.
కాగితాలు పంచారు.
పాటా, ప్రార్థనా, సండేస్కూలూ, పరామర్శా,
ఎదురుగా టిక్కు పెట్టమని.
నా కూతురు చదివి వినిపించింది.
దేనికీ పెట్టించలేదు నేను.
ఇంటికెళ్ళి బియ్యం డబ్బా కింద పెట్టేశాను.

పాడదామంటే నా గొంతు
ఇరవై ఏళ్ళ మిరప ఘాటుకి బొంగురుపోయింది,
ఏ పల్లవి ఎత్తుకున్నా దగ్గుతో ముగుస్తుంది.
చంటిపిల్లల్ని ఎత్తుకుందామంటే
తల్లులు మొహమాటంగా నవ్వి వెనక్కి తీసుకుంటారు.
తప్పు వాళ్ళది కాదు.
పొద్దంతా యార్డులో తొడిమలు తీసిన చేతులివి.
సబ్బుతో కడిగినా, మజ్జిగతో కడిగినా
గోళ్ళ సందున నిప్పు మిగిలే ఉంటుంది.

మా సంఘంలో సువార్తమ్మ పెనిమిటి పోయినరోజు
అందరూ ఆమె కళ్ళు తుడిచారు.
నేను చేతులు కొంగులో చుట్టుకుని
గుమ్మం దగ్గరే ఆగిపోయాను.
ప్రభువా, ఏడ్చేవాళ్ళ కళ్ళు తుడవలేని చేతులు
ఎందుకిచ్చావయ్యా అని
ఆ రాత్రి కాస్త గట్టిగానే అడిగాను.

ఆయనేం చెప్పలేదు.

జూలైలో పక్కింటి జక్రయ్య తాతకి కాలు వాచింది.
పెద్దాసుపత్రి. ఓపీ చీటీ లైను
వరండా దాటి, మెట్లు దాటి, వేపచెట్టు దాకా.
తాత గోడకానుకుని జారిపోతున్నాడు.
"నువ్వు కూర్చో" అన్నాను. నేను నిలబడ్డాను.
మూడు గంటలు.
అద్భుతమేం జరగలేదు. చీటీ దొరికింది.

ఇంటికొచ్చి అన్నం వండుతుంటే తట్టింది,
అంతసేపు నిలబడితే నాకేమీ కాలేదని.
రేషను షాపు ముందు, పంపు ముందు,
కూలి డబ్బులిచ్చే గుమాస్తా బల్ల ముందు
పుట్టినకాడి నుంచీ నేర్చిన విద్య ఇదొక్కటేగా.

ఇప్పుడు మంగళవారాలు
మధ్యాహ్నం నుంచే యార్డుకి పోతాను.
సగం కూలి పోతుంది.
మనసు పీకలేదని అబద్ధమాడను,
మొదటి నెల వేళ్ళమీద లెక్కేసుకున్నాను.
ఆరింటికల్లా వేపచెట్టు కింద ఉంటాను.

మొదట్లో అన్నీ తప్పులే.
కళ్ళ డాక్టరు కావాల్సిన ముసలమ్మ కోసం
గంటన్నర ఎముకల లైన్లో నిలబడి తిట్లు తిన్నాను.
కూతుర్ని కూర్చోబెట్టి
గదుల నంబర్లు నేర్చుకున్నాను,
తర్వాత బోర్డుల మీద మొదటి అక్షరాలు.
'ఎ' అయితే ఎముకలు. 'గు' అయితే గుండె.
గుండె అని చదవడం
యాభై రెండేళ్ళకి వచ్చింది నాకు.

"లైనుకి ఎంత తీసుకుంటావ్?" అన్నాడొకాయన.
వాచ్‌మన్ బ్రోకరనుకుని బయటికి నెట్టాడు.
కోపంతో రెండు వారాలు పోలేదు.
మూడోవారం కాళ్ళే లాక్కెళ్ళాయి.

షారోను వస్తానంది, మా వీధి చివరి పిల్ల.
ఒక్కచోట నిలవదు, కప్పలా గెంతుతుంది.
సరేలే, రక్తం సీసాలు పట్టుకుని ల్యాబుకి పరిగెత్తమన్నాను.
ఆ పిల్ల పరుగు చూడాలి మీరు.

మొన్న పెదనందిపాడు నుంచి ఒకావిడ.
లోపల కొడుకు. లైను కదలడం లేదు.
ఉన్నట్టుండి నా మీద వాలి ఏడ్చింది.
నేను అలవాటుగా చేతులు వెనక్కి దాచుకున్నాను.
నా జాకెట్టు భుజం తడిసి, చల్లబడింది.
భుజానికి ఘాటు ఉండదు.
ఇన్నాళ్ళూ చేతుల గురించే కొట్లాడాను ఆయనతో.

నిన్న డబ్బా జరిపితే ఆ కాగితం కనబడింది,
చెమ్మకి నేలకంటుకుని.
నిలబడే పనికి గడి లేదు అందులో.
చివర్న 'ఇతరములు' అని ఖాళీ ఉందట,
"రాయనా అమ్మా?" అంది కూతురు.
తర్వాత చూద్దాంలే అన్నాను.
రేపు మంగళవారం.
పెందలాడే పడుకోవాలి.